అర్మావియ పలకని మాట

లేఖకుడు పిహజితి మట్టి పలక మీద వేలు పెట్టి ఆ మాటను మళ్ళీ చదివాడు. మంత్రాలు చెప్పే ముసలి అర్మావియ పలక మీంచి చూపు తిప్పుకుంది.

"ఏం అవ్వా, నీ భాషేగా? ఇన్నేళ్ళూ లువియ మంత్రాలు చెప్పేగా ఈ కోటలో రొట్టె తింటున్నావు? ఒక్క మాటకింత తటపటాయింపేంటి?"

"పాత మాటయ్యా. తలకు వాడే సామాను. అంతవరకే తెలుసు."

అబద్ధం. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. దక్షిణాన కిజ్జువత్న సీమలో, ఆమె పుట్టిన ఊళ్ళో, శవానికి చివరిసారి తల దువ్వే దువ్వెనకు ఆ పేరు. దువ్వడం కాగానే దాన్ని శవంతోపాటే కాల్చెయ్యాలి. బతికున్నవాళ్ళ ఎదుట ఆ పేరెత్తకూడదు, అందుకే ఇక్కడ నేనూ రాయను. అలాంటిది ఇంట్లో దొరికితే మంత్రగత్తె అని ఈ రాజధాని హత్తుషలో ఏట్లోకి తోస్తారు. అర్మావియ ఇంట్లో ఒకటుంది. కూతురు లల్లా చితి దగ్గర, దువ్వెన పళ్ళలో చిక్కుకున్న పిల్ల వెంట్రుకలు చూసి, మంటలో వెయ్యడానికి చేతులు రాక దాచేసుకుంది.

లోపల రాజుగారి చిన్న చెల్లెలు జ్వరంతో కాలిపోతోంది. మందులన్నీ అయిపోయి ఇక ఈ క్రతువే మిగిలింది. పలకలో చెప్పిన వస్తువును రోగి తలకు వాడి, దాన్ని నీళ్ళలో పారెయ్యాలి. చచ్చినవాళ్ళ దువ్వెన తగిలితే, ఈ మనిషి పోయిందనుకుని రోగం వదిలేస్తుంది. ఆ కిటుకు తెలిసినది ఇప్పుడు అర్మావియ ఒక్కతే.

మనుషులకు తెలియనిది దేవతలనే అడుగుదామన్నాడు పిహజితి. హత్తుషలో దేనికైనా అదే దారి, సందు దొరికితే చాలు గొర్రెను కోసి, కార్జం మీది గుర్తుల్లో దేవతల జవాబు చూస్తారు. "మంగలికత్తా?" అని అడిగారు. కార్జం కాదంది. "వెంట్రుకలు పీకే పట్టకారా?" ఇంకో గొర్రె పోయింది. "దువ్వెనా?" అవునంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరి దువ్వెన అని మాత్రం ఏ మహానుభావుడూ అడగలేదు.

"గండం గడిచింది అవ్వా! త్వరగా ఓ దువ్వెన పట్రా."

ఏ దువ్వెన తెచ్చినా అడిగేవాడు లేడు. దేవతలే ఒప్పుకున్నాక ఆమె నెత్తికి ఏ నిందా రాదు. అంతలో లోపలి నుంచి ఆ పిల్ల మూలుగు వినిపించింది. లల్లా కూడా అలాగే మూలిగింది. అర్మావియ ఇంటికి పరుగుతీసింది.

రాచబిడ్డ గదిలో పరాయి వెంట్రుక కనపడితే ఇక విచారణలుండవు, నేరుగా ఏట్లోకే. తిరిగి వచ్చే దారంతా ఆమె దువ్వెన పళ్ళలోంచి వెంట్రుకలు లాగుతూనే ఉంది. గుప్పిట్లో చిన్న ముద్దయింది. దాన్ని దారిలో పారేసి రమ్మని మనం చెప్పడం తేలికే. ఆమె వల్ల కాలేదు.

గుమ్మం దగ్గర పరిచారికల పెద్ద తత్తియ చెయ్యి అడ్డంపెట్టింది. దువ్వెన లాక్కుని వెలుగుకెత్తి పన్ను పన్నూ చూసింది. తత్తియ తల పైకెత్తిన ఆ కాసేపట్లో అర్మావియ గుప్పిటిని నోటికి చేర్చింది.

"శుభ్రంగానే ఉంది. ఏదీ, చేతులు చూపించు."

చూపించింది.

"ఎవరిదే ఈ దువ్వెన?"

అర్మావియ దువ్వెన కోసం చెయ్యి చాపింది.

"నిన్నే అవ్వా! చెవుడొచ్చిందా? నోట్లో ఏముంది?"

అర్మావియ మింగింది. గొంతుకు అడ్డంపడి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మళ్ళీ మింగింది.

"ఏంలేదు తల్లీ. మా అమ్మాయిది ఆ దువ్వెన. తప్పుకో, పొద్దుపోతోంది."

ఆమె ఆ పిల్ల తల పాయపాయా విడదీసి దువ్వింది. దువ్వెన ఏట్లో కలిసింది. పొద్దు వాలేసరికి రాజుగారి చెల్లెలికి చెమటలు పట్టి జ్వరం దిగింది. పిహజితి గొర్రె కార్జాన్ని తెగ మెచ్చుకుని, అందరికీ బార్లీ కల్లు పోయించాడు.

గొంతులో ఇంకా తగులుతున్న ఆ వెంట్రుకలు జారిపోతాయని, అర్మావియ మాత్రం ఆ రోజు మంచినీళ్ళు కూడా తాగలేదు.