మామిడి గదిలో మగ్గబెట్టిన రెండు వందల పుస్తకాలు

పుస్తకాలను మామిడికాయలతో కలిపి మగ్గబెట్టిన లైబ్రేరియన్ ఈ రాష్ట్రం మొత్తం మీద ఒక్కరే ఉంటారు. ఆ ఘనత నాదే. ఇప్పుడు హాయిగా చెబుతున్నాను గానీ, అప్పట్లో నా ఉద్యోగం ఊడిపోయినంత పనైంది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

నూజివీడు దగ్గర ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయంలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ప్రొబేషన్ ముగుస్తుందనగా, పుస్తకాల సంరక్షణ మీద మూడు రోజుల ట్రైనింగుకి రమ్మన్నారు. మా పై అధికారిగారే పాఠం చెప్పారు. పుస్తకాలు తినే పురుగులు చావాలంటే వాటిని గాలి చొరబడని గదిలో పెట్టి, మందు గ్యాసు వదిలి, కొన్నాళ్ళు తలుపు తియ్యకూడదన్నారు. ఆ ముక్కని మూడు రంగుల పెన్నులతో రాసుకున్నాను. తిరిగొచ్చేసరికి నా నడకే మారిపోయింది.

మా అటెండరు మార్తమ్మగారు ఇరవై ఏళ్ళుగా ఆ పుస్తకాలను పాత చీరముక్కతో దులుపుతున్నారు.

"ఇక దులపడాలు మానెయ్యండి మార్తమ్మగారూ. ఇదంతా సైన్సు" అన్నాను.

"అలాగేనండీ. మరి గాలి చొరబడని గది మనకెక్కడిదండీ? మన తలుపుకి గడియే పడదు కదా!"

మీరే చెప్పండి, మామిడితోటల మధ్య పుట్టి పెరిగినదానికి గాలి చొరబడని గది, గ్యాసు అంటే ఇంకేం గుర్తొస్తుంది? మా గ్రంథాలయానికి ఎదురుగానే మామిడి వ్యాపారి వెంకటరత్నంగారి షెడ్డు. అందులో కాయలు మగ్గబెట్టే గది. నా తెలివికి నేనే మురిసిపోతూ రోడ్డు దాటాను.

"పుస్తకాలా? మా గదిలోనా? అది కాయలు పండే గ్యాసమ్మా" అన్నారాయన.

"గ్యాసు ఏదైతేనేంటండీ!"

"తలుపు వేశానంటే నాలుగు రోజులు తియ్యను. మధ్యలో తీస్తే సరుకు పాడైపోద్ది."

"నాక్కావలసిందీ అదేనండీ."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరేలే, ట్రైనింగు అయ్యొచ్చినదానివి, నాకన్నా నీకే తెలుస్తుంది" అని ఒక పక్క ట్రేలు ఖాళీ చేయించారు. పాపం, పెద్దాయన నా చదువుని నమ్మారు.

రెండు వందల పుస్తకాలు ఏరాను. ఏవో పనికిరానివి కాదండీ, మళ్ళీ దొరకని పాత పుస్తకాలు, పిల్లలు పోటీ పరీక్షలకి చదివేవి. మార్తమ్మగారు మోస్తూనే, "ఆ గదిలో చెమ్మగా ఉంటుందండీ, మా చెల్లెలు అక్కడ పనిచేసింది" అన్నారు. "గ్యాసు పొడిగా ఉంటుంది లెండి" అన్నాను. ఎక్కడ చదివానో నాకే తెలీదు.

ఐదో రోజు పొద్దున్నే తలుపు తీశారు. చిన్న రసాలు బ్రహ్మాండంగా పండాయి. పుస్తకాలేమో నీళ్ళు చల్లిన అటుకుల్లా ఉబ్బిపోయాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే అట్ట నా చేతిలోనే ఉండిపోయింది. ఇక పురుగులంటారా, నాలుగు రోజులు చల్లటి గదిలో విశ్రాంతి తీసుకుని, ఆరోగ్యంగా నడుచుకుంటూ బయటికొచ్చాయి.

"కాయ ముడతలు పడకుండా తేమ పెడతాం కదమ్మా" అన్నారు వెంకటరత్నంగారు.

"ఆ మాట ముందు చెప్పొద్దా అండీ!"

"నువ్వు అడిగితేగా!"

అప్పుడే ఫోన్ మోగింది. మర్నాడు ఉదయం పై అధికారిగారు తనిఖీకి వస్తున్నారట. నా ప్రొబేషన్ రిపోర్టు రాసేది ఆయనే. నేను ట్రేల మధ్య కూలబడి ఏడ్చేశాను. నిజంగానే ఏడ్చానండీ, ఇందులో అతిశయోక్తి లేదు.

మార్తమ్మగారు 'నే చెప్పలేదా' అని ఒక్క మాట అనలేదు. నేనైతే కనీసం పదిసార్లు అనేదాన్ని. చీర కొంగు నడుముకి దోపి, కాయలు ప్యాక్ చేసే ఆడవాళ్ళని కేకేశారు. నేను పుస్తకాలు ఎండలోకి పట్టుకెళ్ళబోతే, "ఎండ వద్దండీ, అట్టలు వంకర్లు పోతాయి. నీడలో, ఫ్యాను కింద" అన్నారు. వెంకటరత్నంగారు షెడ్డులోని పెద్ద ఫ్యాన్లన్నీ పుస్తకాలతోపాటు గ్రంథాలయంలోకి మోయించి, పెట్టెల్లో వేసే పాత పేపర్లన్నీ ఇచ్చేశారు. పండుకి దెబ్బ తగలకుండా పేపరు చుట్టే ఆ చేతులు, పేజీల మధ్య పేపరు ముక్కలు పెడుతుంటే చూసి తీరాలి. ఒక్క పేజీ చిరగలేదు. పేపరు చదవడానికొచ్చిన రిటైర్డ్ మాస్టారు కూడా సాయానికి కూర్చున్నారు గానీ, గంటసేపు ఒకే పేజీ దగ్గర ఆగిపోయారు.

"మాస్టారూ, ఆరబెట్టమన్నాం, చదవమనలేదు" అన్నారు మార్తమ్మగారు.

మర్నాడు అధికారిగారు వచ్చేసరికి నేల మీద కాలు పెట్టే చోటు లేదు. ఊరంతా మామిడిపండు వాసన.

"ఏంటమ్మా ఇది?"

"వాన పడిందండీ" అన్నారు వెంకటరత్నంగారు.

"కుళాయి పగిలిందండీ" అన్నారు అదే క్షణంలో మార్తమ్మగారు.

నా కోసం ఆ ఇద్దరూ అబద్ధాలాడుతుంటే ఊరుకోలేకపోయాను. అన్నీ దాచకుండా చెప్పేశాను. మాస్టారు అడ్డొచ్చి, "పిల్ల తప్పు చేసింది, కానీ ఒక్కటీ పారెయ్యలేదండీ" అన్నారు.

"నేను చెప్పింది వేరే గ్యాసు కదమ్మా! పైగా పుస్తకానికి తేమే పెద్ద శత్రువని గంటసేపు చెప్పాను. వినలేదా?"

"అది... భోజనాల తర్వాత చెప్పారు సార్. నేను నిద్రపోయాను."

ఆయన ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పారు. అన్నీ విడివిడిగా వచ్చాయి. వాసన చూశారు. ఉన్నట్టుండి పెద్దగా నవ్వి, నా రిపోర్టు మీద సంతకం పెట్టారు.

"ఒక షరతు. వచ్చే ట్రైనింగులో భోజనాల తర్వాత గంట నీదే. ఈ కథంతా చెప్పు. ఆ టైములో అందరూ నిద్రపోతారని నాకు తెలుసు, దీనికైనా మేలుకుంటారేమో చూద్దాం."

నా ఉద్యోగం ఈరోజుకీ ఉందంటే అది నా ట్రైనింగు పుణ్యం కాదు. మార్తమ్మగారిదీ, వెంకటరత్నంగారిదీ, నేను పేర్లు కూడా అడగని ఆ ప్యాకింగు అక్కలదీ. వాళ్ళందరికీ చేతులెత్తి మొక్కి ప్రమాణం చేస్తున్నాను: ఇక నా జన్మలో భోజనాల తర్వాత పాఠంలో కన్ను మూయను. తప్పే అవకాశమూ లేదు లెండి, అప్పట్నుంచి ఆ పాఠం చెప్పేది నేనే. నిద్రపోయేది వాళ్ళు.