సర్వేలో నా ఐదుగురు ప్రియురాళ్లు

ఒక్క అంకె మనిషిని ఎంత దూరం తరుముతుందో తెలుసా మీకు? నన్ను ఐదు అనే అంకె తరిమింది. వారం రోజులు నిద్ర లేదు, ముద్ద దిగలేదు, కుదిరిన పెళ్లి చెడిపోయేదే. తప్పు ఎవరిదీ కాదు, నా నోటిదే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. శ్రీనివాసపురం మామిడి మార్కెట్లో కాటా దగ్గర తూకాలు రాసేవాణ్ణి. మాలతితో పెళ్లి ఖాయమై నెల కూడా కాలేదు. ఆ సీజన్లో ఆరోగ్య సర్వే వాళ్లు వచ్చి, మార్కెట్లో ఒక మూల గుడ్డతెర కట్టి, మగవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి గుట్టుగా ప్రశ్నలు అడగసాగారు. పేరు రాయరు, నంబరు మాత్రమే. తెర లోపల కళ్లద్దాల మేడమ్. తెర బయట, చెవి ఆనించి, మా హమాలీ మునిరాజు. మా మార్కెట్లో గుట్టు అంటే అంతే.

"పోయిన ఏడాదిలో ఎంతమంది ఆడవాళ్లతో కలిసినారప్పా?" అని మేడమ్ అడిగింది.

నిజమైన జవాబు సున్నా. అంతకుముందు ఏడాదీ సున్నానే. నా జాతకమంతా సున్నాలే. కానీ తెర వెనక మునిరాజు దగ్గాడు. సున్నా అన్నానంటే రేపటి నుంచి మార్కెట్లో నేను చీకి పారేసిన టెంకెనే.

"ఐదుమంది," అన్నాను.

మేడమ్ ముఖంలో ఏ మార్పూ లేదు. పేజీ తిప్పింది. అయ్యా, ఆ ఫారంలో సున్నాకు ఒక పేజీ, ఐదుకు పదకొండు పేజీలు అని నాకెవరు చెప్పారు?

"మొదటామె యాడ పరిచయం?"

"తమక ఊర్లో."

"రెండో ఆమె?"

"టేకల్లో మేడమ్."

"మూడో ఆమె?"

నాకు ఊళ్లు అయిపోతున్నాయి. చొక్కా తడిసిపోయింది. "ఆమె కూడా టేకలే."

"టేకల్లో ఇద్దరా?"

"బస్సులు బాగుండాయి మేడమ్."

"నిరోధ్ వాడినారా?"

"అప్పుడప్పుడు," అన్నాను, గొడుగు గురించి చెప్పినట్టు.

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "మీరు రక్తపరీక్ష చేయించుకోవల్ల. వారానికి రిజల్ట్ వస్తాది."

బయటికి రాగానే మునిరాజు దండం పెట్టాడు. "ఏమప్పా గుమాస్తా, శానా పనోడివే!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఐదంటే ఊరు ఎనిమిదంది. ఆ ఎనిమిది మాలతి వాళ్ల ఊరికి చేరడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. ఇంకోవైపు పరీక్షకు ఇచ్చిన ఆ రక్తం. చేయని పనికి జబ్బు రాదని బుద్ధికి తెలుసు, భయానికి తెలియదే! వారమంతా అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాను.

రిజల్ట్‌లో ఏ జబ్బూ లేదు. ఆనందం పట్టలేక మేడమ్ ముందు నిజం కక్కేశాను. "ఆ ఐదుమందీ అబద్ధం మేడమ్. ఒక్కరూ లేరు!"

ఆమె జాలిగా నవ్వింది. "భయపడొద్దప్పా. రిజల్ట్ చూసినంక శానామంది ఇట్లే అంటారు."

"దేవుని సత్యంగా మేడమ్!"

"నేనేం తప్పు పట్టను, ఉండనీ," అంటూ ఫారం అంచున ఏదో రాసింది. తల వంచి చదివాను: 'నిజం చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు.'

ఆ సాయంత్రం మాలతి ఫోన్. "ఎనిమిదిమంది అంటా ఉండారు. నిజమేనా?"

"ఒక్కరూ లేరు. మా అమ్మతోడు," అన్నాను.

"నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"తొలిసారి నాతో ఒంటరిగా మాట్లాడమంటే, అర్ధగంట తోతాపురి మామిడికీ బాదామి మామిడికీ తేడా చెప్పినారు. మీకు ఎనిమిదిమంది యాడ పడతారు? మా నాయనకు అదే చెప్పినా. నవ్వి నవ్వి ఆయనకు పొరబోయింది."

పెళ్లి నిలబడింది. సంతోషమే. కానీ మరీ అంత తొందరగా నమ్మాలా?

అందుకే, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ సర్వే వాళ్లు ఏ అంకె అడిగినా నేను నోరు తెరవను. మాలతినే అడగమంటాను.