ఛాయ్‌యున్ పిన్ని దడుపు తీసిన చొక్కా

తైనాన్‌లో మా ఫైర్ స్టేషన్‌కి పెద్ద ఎవరంటే అందరూ చీఫ్ తూ గారి పేరే చెబుతారు. నన్నడిగితే వంటామె ఛాయ్‌యున్ పిన్ని అంటాను. పదిహేనేళ్లుగా పద్నాలుగు మందికి వండి పెడుతోంది. గిన్నెలో ఏం మిగిలిందో చూసి ఎవరి మనసు బాగాలేదో చెప్పేస్తుంది. నోరు మాత్రం మహా పెద్దది.

మా ఆయన బోయెన్ అన్నం వదిలేస్తున్నాడని ముందు కనిపెట్టింది ఆవిడే. రెండు నెలల క్రితం, కాలుతున్న ఇంట్లోంచి అతను ఒక పాపను మోసుకొచ్చాడు. పాప బతకలేదు. అప్పటినుంచి పొద్దున్నే డ్యూటీ దిగొచ్చి మా మెట్ల కింద స్కూటర్ మీద గంటసేపు కూర్చుంటాడు. పైకి రాడు. మా అమ్మాయి కిటికీలోంచి చూసి, "నాన్నకి మనమంటే కోపమా?" అని అడుగుతుంది. 

స్టేషన్ మేడమీద మంగళవారాలు ఒక కౌన్సెలర్ కూర్చుంటుంది. "అది పనిలేనివాళ్లకి" అని తూ గారు ఒకసారి అన్నారు, ఇక ఎవరూ ఆ మెట్లెక్కలేదు.

చివరికి పిన్నే కబురు పెట్టింది. "యిరూ, వాడు విడిచిన చొక్కా ఒకటి పట్టుకురా. దడుపు తీస్తాను." మనిషి దడుసుకుంటే ప్రాణం దారి తప్పుతుందని, పేరు పెట్టి పిలిస్తే తిరిగొస్తుందని ఆవిడ నమ్మకం.

ఇంట్లోవన్నీ ఉతికేశాను కాబట్టి, ఆ మంగళవారం స్టేషన్‌కి వెళ్లి, కొక్కేలకు వేలాడుతున్నవాటిలోంచి ఒకటి లాక్కొచ్చి ఇచ్చాను. పిన్ని గ్లాసు నిండా బియ్యం పోసి, చొక్కాలో చుట్టి, అగరొత్తి తిప్పుతూ బోయెన్ పేరూ పుట్టినరోజూ చెప్పి, "ఇంటికి రా నాయనా, ఇంటికి రా" అని పిలిచింది. చుట్టు విప్పి చూసి మొహం చిట్లించింది.

"ఇదేమిటే, బియ్యంలో ఇంత గుంట పడింది! ఇది రెండు నెలల దడుపు కాదు. ఏళ్లనాటిది."

"నా చొక్కాతో మీకేం పని?" టీ కోసం వచ్చిన తూ గారి గొంతు.

కాలర్ తిప్పి చూస్తే ఆయన పేరే. సిగ్గుతో చచ్చిపోయాను. పిన్ని మాత్రం తగ్గలేదు. "ఈ పిల్ల కళ్లు ఎక్కడ పెట్టుకుందో, మీది పట్టుకొచ్చింది. సరే, మీ పుట్టినరోజు చెప్పండి. మొదలుపెట్టింది సగంలో వదలకూడదు."

ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు. స్టూలు లాక్కుని కూలబడ్డారు. "ఏళ్లనాటిదని ఎలా తెలిసింది?"

"బియ్యం ఇవాళ చెప్పింది. మీ గిన్నె ఏనాటినుంచో చెబుతోంది. నేనే నోరు మూసుకున్నాను."

గొట్టాలు కడిగి వచ్చిన బోయెన్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతణ్ణి చూసి కూడా తూ గారు దాచుకోలేదు.

"పదకొండేళ్లయిందిరా. ఒక ముసలాయన, నా చేతిలోంచి జారిపోయాడు. ఇప్పటికీ ఆయన చెయ్యి నా చేతికి తెలుస్తూనే ఉంటుంది."

పుట్టినరోజు చెప్పి, పిన్ని పిలుపు పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నారు. తరవాత లేచారు. "పనిలేనివాళ్లకని అన్నాను కదూ? తప్పు మాట. ముందు నేను వెళ్తాను. నా తరవాత నువ్వు." అని మేడమెట్లు ఎక్కారు.

"ముందు తిని ఏడవండి! చల్లారిపోతోంది!" పిన్ని అరిచింది.

మర్నాడు పొద్దున్న కింద స్కూటర్ ఆగింది. అమ్మాయి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. "అమ్మా, నాన్న లేడు! స్కూటరొక్కటే ఉంది!"

నేనూ కిటికీ వైపు పరిగెత్తాను. అంతలో తలుపు తెరుచుకుంది.

బోయెన్ చెప్పులైనా విప్పకుండా అమ్మాయిని ఎత్తుకున్నాడు. దాని తల మీంచి నన్ను చూసి, "ఆ పాపకి కూడా దీని వయసే, యిరూ" అన్నాడు.