తాత దీవెనల్లో లేని పేరు

బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసువాళ్లు ప్రతి శుక్రవారం ధ్యానం పెట్టిస్తారు. ఏసీ గదిలో చందనం ఊదుబత్తి వెలిగించి, రబ్బరు చాపలు పరిచి, ఒకాయన మెత్తటి గొంతుతో అందరినీ సమానంగా ప్రేమించండి అంటాడు. అందరూ కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి పీలుస్తారు. ఆ మాట చెవిన పడితే నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. అందరినీ సమానంగా ప్రేమించిన మనిషి మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయన మా తాత.

చిక్కపేటలో కింద చీరల అంగడి, పైన మా ఇల్లు. పొద్దున లేస్తే తోపుడుబండ్ల గడగడ, హమాలీల కేకలు, కొత్త చీరల గంజి వాసన; వానాకాలం వస్తే తడిసిన గోనెపట్టాల కంపు మెట్లెక్కి వంటింటి దాకా వచ్చేది, ఎండాకాలం అవ్వ మిద్దె మీద బియ్యపు వడియాలు పెడుతుంటే నేనూ తమ్ముడూ చీర మడతల్లోంచి తీసిపారేసిన అట్టలతో ఇళ్లు కట్టుకునేవాళ్లం. తాత ఆదివారాలు బుద్ధ విహారానికి పోయేవాడు. అక్కడ నేర్చుకున్న మైత్రిని, అంటే అందరి మేలూ కోరడాన్ని, ఇంట్లో ఆచారం చేసేశాడు. సాయంత్రం దీపం పెట్టాక అందరం ఈతచాప మీద గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పి ‘సల్లగా ఉండల్ల’ అనాలి. ముందు ఇంట్లోవాళ్లు, తర్వాత హమాలీలు, చివరన మనకు గిట్టనివాళ్లు. మా బేరాలు ఎగరేసుకుపోయే ఎదురంగడి ఆయన పేరు తాత రోజూ తానే చెప్పేవాడు, అదో గొప్ప!

సరస అత్త పేరు మాత్రం ఆ చాప మీద వినపడేది కాదు. ఆమె తాతకు ఆఖరి కూతురు, నాకు జడలు వేసిన మనిషి. మా మూటలు మోసే మునెప్ప కొడుకును పెళ్లాడి కె.ఆర్.పురంలో కాపురం పెట్టింది. మునెప్ప సల్లగా ఉండాలని ఏళ్ల తరబడి కోరుకున్న తాత, మునెప్ప కొడుకును అల్లుడనలేకపోయాడు.

బుద్ధపూర్ణిమకు అంగడి ముందు పందిరి వేసి, బెల్లం, శొంఠి, ఏలకులు వేసిన పానకం బిందెలకొద్దీ కలిపి, అవ్వ చేసిన పెసరపప్పు కోసంబరి దొన్నెల్లో పెట్టి వచ్చేపోయేవాళ్లకు పంచేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ వరుసలో అత్త వచ్చి నిలబడింది. నిండు కడుపుతో ఉంది. అవ్వ దొన్నె నింపడం మరిచి ఆమెనే చూసింది. తాత మాత్రం అంతకుముందు ఆటో ఆయనకు ఇచ్చినట్టే లోటా నింపి, నవ్వుతూ అందించాడు.

“తీసుకో తల్లీ. తాగి ముందుకు జరుగు, ఎనకాల జనం ఉండారు.”

“అప్పా, నేనప్పా,” అంది అత్త.

“నాకు అందరూ ఒగటేనమ్మా.”

తిట్టి ఉంటే, లోటా విసిరికొట్టి ఉంటే, ఆమె ఇంకా ఆయన కూతురిగానే ఉండేది. ఆ మర్యాదతో ఆమెను దారినపోయే మనిషిని చేసేశాడు. తాతది ఎంత సమభావమో అని వీధంతా మెచ్చుకుంది. నేను దాన్ని దుర్మార్గం అంటాను, ఇప్పటికీ అదే అంటాను.

ఆ సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు “సరస అత్త సల్లగా ఉండల్ల” అన్నాను. తాత నా తల నిమిరి, “పాపకు నిద్దర వస్తా ఉండాది, పండబెట్టండి,” అని లేచి వెళ్లిపోయాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు అంత భయం వేసింది.

తాత పోయి చాలా ఏళ్లయింది. ఇల్లు అమ్మేశారు, మెట్రో వచ్చాక ఆ వీధి రూపే మారింది, బిందెలూ చాపలూ ఎవరింటికి చేరాయో తెలియదు. పోయిన నెల కె.ఆర్.పురం వెళితే, అత్త నా ముందు ఉప్పిట్టు పళ్లెం పెట్టి, ఇన్నేళ్లకు అడిగింది.

“సాయంత్రాలు అందురూ కూచుంటా ఉంటిరే, నా పేరు ఎవురన్నా చెప్పినారా పాపా?”

“నేను చెప్పినానత్తా.”

“దినామూనా?”

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు.

“ఒగ దినమే.”

ఆ తర్వాత పదేళ్లు అదే వరుసలో కూర్చుని, తాత మెచ్చుకుంటే మురిసిపోతూ, ఊరందరి పేర్లూ చెప్పాను. ఆయన మీద ఇంత కోపం పెట్టుకున్నదాన్ని, ఆమె పేరు మళ్లీ ఎత్తలేదు.