కాగితం అడుగున ఖాదర్‌బీ పేరు

వత్తుల స్టవ్వు వెలిగించినప్పుడు వచ్చే కిరోసిన్ వాసన మా కొట్టుకు వచ్చేవాళ్లకు పడదు. "పక్కనే గ్యాసు పొయ్యి పెట్టుకొని ఈ యాతన ఎందుకక్కా నీకు?" అని ఎగతాళి చేస్తారు. కిరోసిన్ ఇప్పుడు అంత సులువుగా దొరకదు. ఎక్కడెక్కడో అడిగి ఒక సీసా తెచ్చుకుని పొదుపుగా వాడుకుంటాను. నగరిలో నాది చిన్న పుస్తకాల కొట్టు, వెనక గదిలో అచ్చు యంత్రం. ఎవరైనా కరపత్రం వేయించడానికి వచ్చిన రోజు మాత్రమే ఆ స్టవ్వు వెలుగుతుంది. నిన్న వెలిగించాను. వాసన రాగానే ఖాదర్‌బీ ఆపా నా వెనక నిలబడి "వత్తులు కత్తిరించలేదే నువ్వు" అని కసిరినట్టు అనిపించింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. కసరడం మాత్రం ఇంకా మానలేదు.

ఆపా అంటే అక్క. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ ఆవిడను అలాగే పిలిచేవాళ్లు. భర్త పోయినప్పుడు ఆ కాలితొక్కుడు అచ్చు యంత్రాన్ని పాత ఇనుముకు అమ్మేయమని బంధువులంతా చెప్పారట. ఆవిడ నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యీ కాకముందే చీర కొంగు దోపుకుని యంత్రం ముందు నిలబడింది. ముందు గదిలో పంచాంగాలు, ఎక్కాల పుస్తకాలు, ఉర్దూ వాచకాలు అమ్మేది. వెనక గదిలో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు అచ్చు వేసేది. మగ్గాల దుమ్ము పడక దగ్గుతో మూలుగుతున్న నన్ను ఆవిడే పిలిచి పని ఇచ్చింది. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం, అచ్చయ్యాక కిరోసిన్‌తో కడిగి మళ్లీ ఏ గడిలోది ఆ గడిలో వేయడం నా పని. ఒక్క వరుసను మాత్రం విప్పనిచ్చేది కాదు. "ముద్రణ: ఖాదర్‌బీ, పుస్తకాల కొట్టు, నగరి" అన్న ఆ వరుస ఎప్పుడూ దారంతో బిగించి సిద్ధంగా ఉండేది. ఏ జెండా వాళ్ల కరపత్రమైనా అడుగున అది పడాల్సిందే.

అది లేకుండా వేయమని బతిమాలేవాళ్లు కొందరు ఉండేవాళ్లు. "పేరు లేకుంటే అది ఆకాశరామన్న ఉత్తరం అప్పా. ఎవరు నమ్ముతారు? నీ పేరు వొద్దంటే మానుకో, నాది ఉండాల" అనేది. ఆవిడకు ఇంకో అలవాటు ఉండేది. నేను అక్షరాలు పేర్చడం పూర్తి కాగానే, చేత్తో రాసిన ఆ కాగితాన్ని పొడుగ్గా చుట్టి, దాంతోనే స్టవ్వు వత్తులు అంటించి టీ పెట్టేది. రాసిన మనిషి అక్కడ ఉంటే కూర్చోబెట్టి ఆ టీ తాగించి పంపేది. తన రాత మసి కావడం కళ్లారా చూసి, ఆ మనిషి ధైర్యంగా ఇంటికి పోయేవాడు.

తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే ఒక మేడమ్ పాత పుస్తకాల కోసం అప్పుడప్పుడూ మా కొట్టుకు వచ్చేది. మూడు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఆడవాళ్లే రాజకీయాల కరపత్రాలు అచ్చు వేయించి, కొట్లలోనూ వీధుల్లోనూ అమ్మేవాళ్లని ఒకరోజు ఆవిడే చెప్పింది. రాసినవాళ్లు దొరక్కపోతే సర్కారు వాళ్లు ఈ ఆడవాళ్లనే పట్టుకుపోయేవాళ్లట. ఆపా టీ గ్లాసు కింద పెట్టి అడిగింది.

"పట్టుకుపోతే, రాసినోళ్ల పేర్లు చెప్పేసినారా?"

"కొందరు చెప్పలేదు ఆపా. కొందరు చెప్పారు."

"చెప్పినోళ్లను తిట్టాకండి మేడమ్. ఇంట్లో బిడ్డలుంటారు. ఆకలేస్తాది."

చెప్పనివాళ్లను ఆవిడ ఆకాశానికి ఎత్తుతుందనుకున్న నాకు ఆ మాట వింతగా తోచింది.

ఆ మరుసటి ఏడే అద్దకం షెడ్ల నీళ్ల గొడవ మొదలైంది. నూలుకు రంగులు వేసిన నీళ్లను షెడ్డు వాళ్లు కాలువలోకి వదిలేవాళ్లు. అవి ఇంకి మా వీధి బావుల్లో నీళ్లు ఎర్రగా మారాయి. పిల్లల ఒళ్లంతా దద్దుర్లు. ఒక పొద్దున ఆపా నా చేతికి ఒక కాగితం ఇచ్చి పేర్చమంది. ఏ షెడ్డు ఏ జామున నీళ్లు వదులుతోందో, ఏ బావి పాడైందో అంతా అందులో ఉంది. అంచున నీలి రంగు బొటనవేలి ముద్ర. ఆ వాలు అక్షరాలు చూడగానే పోల్చుకున్నాను. రాసింది మా నాయన. ఆ షెడ్లలోనే ఒకదాంట్లో రంగు తొట్ల దగ్గర పనివాడు, చేతులకు మణికట్టు దాకా రంగు దిగని మనిషి. ఆయన కూలి మీదే మా ఇల్లు నడిచేది.

"ఏమే గిరిజా, చెయ్యి ఆగింది?"

"ఏం లేదాపా."

"అయితే కానీ."

కానిచ్చాను. కాగితం స్టవ్వుకు పోయింది. ఆ సాయంత్రం నాయనా నేనూ పక్కపక్కనే కూర్చుని సంగటి తిన్నాం. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కరపత్రం ఊరంతా పాకాక షెడ్డు మేనేజరు ఇద్దరిని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చాడు. "ఏమమ్మా, ఇది రాసిందెవరు?"

"అడుగున సూడప్పా. పేరుండాది."

"అది అచ్చేసినోళ్లది. మాకు రాసినోడి పేరు కావాల. షెడ్డులో పని చేసేవాడే ఎవడో. వాడు చేత్తో రాసిన కాగితం యాడుంది?"

"ఆ పొద్దే పొయ్యిలోకి పోయింది. దాంతో కాసిన టీ కూడా తాగేసినాం. కూర్చో, నీకు వేరే కాస్తా."

అతను నా వైపు తిరిగాడు. "అక్షరాలు పేర్చింది నువ్వే కదా పాపా. ఎవరి రాతో తెలీకుండానే పేర్చినావా?"

ఆపా లేచి నాకూ అతనికీ మధ్యకు వచ్చింది. "ఆ పిల్లకు జీతమిచ్చేది నేను. అడిగేదుంటే నన్నడుగు. కేసు పెడతావా, పెట్టు. పేరు అచ్చులోనే ఉండాది, వెతికే పని కూడా లేదు నీకు."

కేసు పెట్టలేదు. అంతకంటే సులువైన దారి చూసుకున్నారు. కొట్టు ఉన్న కట్టడం షెడ్డు యజమాని బావమరిదిది. నెల తిరక్కుండా ఖాళీ చేయమన్నాడు. ఒక్క పేరు చెబితే చాలు, ఉండొచ్చని కబురూ పంపాడు. అది విని నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "రేపు నేనే పొయ్యి చెప్పేస్తా. ఆడమనిషి నా కోసరం వీధిన పడితే ఎట్లా?" అన్నాడు. మర్నాడు ఆపాకు ఆ మాట చెప్పి ఏడ్చేశాను. పేరు ఎత్తకుండా, "రాసినాయన" అనే చెప్పాను.

ఆవిడకు కోపం వచ్చింది. "నోరు మూసుకుని పనికి పొమ్మను ఆయన్ని. ఈ పొద్దు ఆయన చెప్తే, రేపు నా దగ్గరికి కాగితం తెచ్చేదెవరు? వీధిన పడితే పడతా. పుస్తకాలు వీధిలో అమ్మితే ఎవరూ కొనరా ఏం?" గొంతు తగ్గించి అంది, "నాకు బిడ్డల్లేరు గిరిజా. ఆ మనిషికి ఉండారు. అదీ లెక్క."

లండన్ ఆడవాళ్ల సంగతి విన్నప్పుడు ఆవిడ అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. ఆపా యంత్రాన్ని విప్పించి తన ఇంటి వసారాలో బిగించుకుంది. పుస్తకాలు తోపుడు బండికెక్కాయి. పుత్తూరు బస్టాండులో, తిరునాళ్లలో, శ్రీకాళహస్తి స్టేషను బయట ఎండలో నిలబడి అమ్మాం. శుభలేఖల పని చాలాకాలం రాలేదు. కరపత్రాలు మాత్రం ఆగలేదు. బావుల సంగతి మీద మళ్లీ మళ్లీ వేశాం, ప్రతిదాని అడుగునా ఆ వరుసే. చివరికి షెడ్డు వాళ్లు నీళ్లు నిలవబెట్టే తొట్టి కట్టక తప్పలేదు. ఆపా పోయిన రోజు నాయన ఆమె జనాజాకు భుజం పట్టాడు. జనం ఆ రంగు చేతుల వంక చూశారు, ఎవరూ ఏమీ అడగలేదు. ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే, "నేను పోయినాక చెప్పు పాపా, ఆమె సంగతి జనానికి తెలియాల" అని నాయన చెప్పి పోబట్టే.

నిన్న వచ్చిన అమ్మాయి ఏదో కంపెనీలో పనిచేస్తోందట. పొద్దుపోయాక ఆడపిల్లల్ని కంపెనీ బస్సులో ఊరిదాకా తేకుండా హైవే మీదే దించేస్తున్నారని నోటుపుస్తకం కాగితం మీద రాసి తెచ్చింది. "అక్కా, అడుగున ఎవురి పేరూ లేకుండా వేసియ్యండి" అంది. కంప్యూటర్లో ఎక్కించాను. బల్ల మీద దారం కట్టి ఉన్న ఆ సీసం వరుస ఇప్పుడు ఏ యంత్రంలోనూ ఇమడదు. దాని పక్కనే కూర్చుని, అడుగున నా పేరు, కొట్టు పేరు, నగరి అని కొట్టాను. ఆ పిల్ల తెర వైపు చూసి కంగారు పడింది.

"మీ పేరు పడితే మీ మీదికి వస్తారు కదక్కా. మీకు బయం లేదా?"

"ఎందుకు లేదు, ఉండాది. కూర్చో" అని, ఆమె కాగితాన్ని పొడుగ్గా చుట్టి వత్తులు అంటించాను. "చక్కెర ఎంత వేసేది?"