ఉత్తుత్తి పెళ్లిజనం

ఆ రోజుల్లో మా కొత్తపేటలో ట్రాఫిక్ అంటే ధాన్యం ట్రాక్టరుకి ఎదురుగా కొబ్బరికాయల లారీ రావడం, డ్రైవర్లిద్దరూ "మీరు వెళ్లండి", "కాదండి, ముందు మీరే" అని మర్యాదలు చేసుకుంటూ ఉంటే వెనకాల బస్సు ఆగిపోవడం. అలాంటి ఊళ్లో ట్రాఫిక్ పుట్టించడమే నా మొదటి ఉద్యోగం. (నాకు సంబంధాలు చూసే మా పెద్దమ్మ ఈ సంగతి ఎవరికీ సరిగ్గా చెప్పలేక "కంప్యూటర్లో రద్దీ చేస్తాడండి" అనేది. ఆ సంబంధాలేవీ కుదరలేదు.) కేబుల్ టీవీ ఆఫీసువాళ్లు కొత్తగా ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. నేను ఆ నెట్టునే నమ్ముకుని బతుకు నెట్టుకొస్తున్నాను. లైను వేసిన చోట నా లాప్‌టాప్ పెట్టి, ఒక సాఫ్ట్‌వేరుతో ఆఫీసులోని కంప్యూటరు మీదికి ఉత్తుత్తి డేటా గుమ్మరించేవాణ్ని. ఎంత చేరింది, దారిలో ఎంత ఒలికింది, ఎంత ఆలస్యమైంది అన్నీ అదే చెప్పేది. కొత్త వంతెన మీద ఇసుక లారీలు నిలబెట్టి చూసినట్టన్నమాట.

ఒకసారి పక్క ఊళ్లో పెళ్లివారింటికి లైను వేశాం. పెళ్లికూతురి తల్లి కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తోంది. సెలవు దొరకలేదు. పెళ్లి వేళకి ఫోను పట్టుకోవడానికి మాత్రం ఆ ఇంటి మేడం ఒప్పుకుంది. కొబ్బరితోటల మధ్య ఊరు, సెల్‌ఫోను సిగ్నలు అంతంతమాత్రం. పెళ్లిపెద్ద పిల్ల మేనమామగారే. "నెట్టబ్బాయిగారూ, మా చెల్లెమ్మ వెళ్లేటప్పటికి ఇది ఇంత పిల్లండి. తాళి కట్టేటప్పుడు బొమ్మ ఆగిపోయిందనుకోండి, మళ్లీ కట్టించలేం కదండి" అన్నారు. అందుకే ముందురోజు ఆయన ఎదుటే పరీక్ష పెట్టాను.

"ఇప్పుడు లైను మీదికి రెండొందలమంది ఉత్తుత్తి జనాన్ని ఎక్కించేనండి."

"ఎక్కడున్నారండి?"

"లాప్‌టాప్‌లోనండి."

"వాళ్లకి భోజనాలు అక్కర్లేదు కదండి?"

"అక్కర్లేదండి."

"ఆయ్. అయితే ఇంకో వందమందిని పిలవండి."

పిలిచాను. చుక్క ఒలకలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకు కన్నా నిటారుగా నడుస్తూ పందిట్లోకి వెళ్లాను.

లైను మూడొందలమందిని మోస్తుందని నేనిచ్చిన ధైర్యం మేనమామగారి మర్యాదకి తోడయింది. ఆయన మైకు అందుకున్నారు. "కాఫీలు పుచ్చుకోనివాళ్లు పుచ్చుకోండి. పందిట్లో వైఫై కూడా ఏర్పాటు చేసేమండి. పాస్‌వర్డు పెళ్లికూతురి పేరేనండి. మొహమాటపడకండి." ఎవరూ మొహమాటపడలేదు. నా ఉత్తుత్తి జనం ఎంత పెడితే అంతే తినే బుద్ధిమంతులు. ఈ అసలు జనంలో ప్రతివారికీ దుబాయ్‌లో ఒక అక్క, మస్కట్‌లో ఒక బావ. అందరూ ఒక్కసారే వీడియో కాల్ కలిపారు. పాస్టరుగారి ప్రార్థన అయింది, పెళ్లికొడుకు తాళి పైకెత్తాడు. పందిట్లో పెట్టిన టీవీలో పిల్ల తల్లి మొహం కదలడం మానేసింది. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తోంది: "అన్నయ్యా... కనపట్లేదు... అన్నయ్యా..."

మేనమామగారి చెవిలో చెప్పాను. "పాస్‌వర్డు మార్చేస్తానండి. టీవీది వైరు కాబట్టి అది ఉంటుంది, మిగతా అందరివీ తెగిపోతాయి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "విస్తరి ముందు కూచోబెట్టి విస్తరి లాగేస్తామా అబ్బాయిగారూ?"

"మరి చెల్లెమ్మగారండి?"

ఆయన పెళ్లికొడుకుని ఆగమని సైగ చేసి (పాపం, ఆ చేతులు తాళితో సహా గాల్లోనే ఉండిపోయాయి) మళ్లీ మైకు పట్టుకున్నారు. "అందరూ ఏమీ అనుకోకండి. నెట్టు కూడా బంతులవారీగానండి. మొదటి బంతి మా చెల్లెమ్మకి. ఆవిడ లేచేక రెండో బంతి అందరికీనండి."

ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. "ఆయ్" అని వరసలన్నీ పలికాయి. "మళ్లీ చేస్తానే, ముందు ఆవిడ చూడాలి" అని ఒకావిడ మస్కట్‌ని పెట్టేసింది. ఫోనులన్నీ జేబుల్లోకీ, హేండ్‌బ్యాగుల్లోకీ వెళ్లిపోయాయి. టీవీలో మొహం కదిలింది. చున్నీతో కళ్లు తుడుచుకుని, "ఆ, కనపడుతోందన్నయ్యా. కట్టించు" అంది.

తాళి కట్టేశాక కూడా ఆవిడ లేవలేదు. దండలు, ఫొటోలు, పిల్ల అన్నం తినడం, అన్నీ చూస్తూనే ఉంది. "ఇప్పుడు కొంతమంది వాడుకోవచ్చండి, లైను ఖాళీయే" అని నేను అంటే మేనమామగారు తల అడ్డంగా ఊపారు. "ఒకళ్లింకా తింటూ ఉంటే రెండో బంతి వేస్తారా అండీ?" అక్కడ కువైట్ ఇంటి లోపలి నుంచి మేడం పిలుపు వినపడేదాకా ఆవిడ చూసింది, పందిరి కాచుకుంది. "ఇంక లేస్తానన్నయ్యా" అని తనే చెప్పింది.

ఇప్పుడు హైదరాబాదులో లక్షలమంది ఉత్తుత్తి జనాన్ని రోజూ పుట్టిస్తున్నాను. వాళ్లెవరూ ఇంకొకరి కోసం ఆగరు. పరీక్ష పాసయిందని రాసేటప్పుడల్లా, లైనుని కాపాడ్డానికి పందిట్లోవాళ్లందరి విస్తళ్లూ లాగెయ్యబోయిన ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, వాడికి లెక్క బాగా వచ్చు. వడ్డనే రాదు.