ఇంకొకరి పేరుకు పలికిన తాత

మా ఎర్లీన్ అత్త కొండవరి పండించేది. చెరువూ కాలవా అక్కర్లేని వరి అది, వాలు నేల మీద వాన చాలు. గింజ ఎర్రగా ఉంటుంది. డెబ్బై దాటాక కూడా తనే కోసి, తనే చెక్క రోట్లో దంచేది. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లో సగం తిట్లే.

మా ఊరు ఆరో కంపెనీలో ప్రతి ఇంటికీ ఒక సైనికుడు తాత ఉంటాడు. అమెరికాలో బానిసలుగా ఉండి, యజమానుల దగ్గర్నుంచి పారిపోయి, ఇంగ్లీషు పటాలంలో చేరి పోరాడినవాళ్లు వాళ్లు. యుద్ధం అయ్యాక ఓడల్లో ట్రినిడాడ్ తీసుకొచ్చి, ఏ దళాన్ని ఆ దళంగా అడవిలో దింపి, తలా ఇంత నేల ఇచ్చారు. కంపెనీ అంటే దళం, ఆ పేర్లే ఊళ్లకి నిలిచాయి. మా ఇంటికి ఆ తాత ప్రిన్స్ టాలివర్, ఆయన భార్య డోర్కస్ అవ్వ. ఆ అడవి కొట్టి ఈ వరి మొదట చల్లింది వాళ్లిద్దరే.

కోతలయ్యాక ఒక మునిమాపు వేళ పెద్దలకు విందు పెడతాం. చచ్చినవాళ్లకి ఉప్పు పడదు, చప్పిడి వంట. ఇంటి పెద్దాడది గుమ్మంలో నిలబడి పేరు పేరునా పిలవాలి. పిలిచినవాళ్లే వస్తారు, పిలవనివాళ్లకి ముద్ద ఉండదు.

డోర్కస్ అవ్వని పిలిస్తే దీపం కాస్త వంగేది, అంతే. ప్రిన్స్ తాతని పిలిస్తే మాత్రం తడిసిన ఉన్ని వాసన కొట్టేది. మా ఎండల్లో ఉన్ని ఎవరు తొడుగుతారు? కుక్కలు మొరగకుండా పొట్ట నేలకానించి పడుకునేవి. గేటు బయట పొడిమట్టి నల్లగా తడిసేది. ఆ తడి ఏనాడూ గేటు దాటి లోపలికి రాలేదు.

"పెళ్లాం మీద అలిగుంటాడే అమ్మా. అవ్వది కూడా నీ నోరే అంటగా," అనేవాడు అత్త కొడుకు క్లీవన్. టాక్సీ నడుపుతాడు.

"నువ్వు ముయ్యరా నీ నోరు," అనేది అత్త. కానీ ఆవిడకి అది నవ్వులాట కాదు. మాలో పోయినవాళ్లని అవతలి లోకం గుమ్మంలో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లేది ఇంటి మూలపురుషుడే. "ఆయనే గేటు బయట నిలబడితే రేపు నన్నెవరు తీసుకెళతారే?" అని ఒకసారి నన్నడిగింది.

అలా మొదలైంది ఆవిడ వెతుకులాట. పట్నం వెళ్లి పాత కాగితాలు తీయించింది. పేరుంది, అంతకు మించి ఏమీ లేదు. చివరికి మూడో కంపెనీలో ఒబడయా అనే ముసలాయన ఇంట్లో కూడా ప్రిన్స్ టాలివర్ పేరే పిలుస్తారని ఎవరో చెప్పారు. నన్ను వెంటేసుకుని, ఒళ్లో కొత్త బియ్యం పెట్టుకుని, క్లీవన్ టాక్సీలో బయల్దేరింది.

ఒబడయా తాత బియ్యం వాసన చూసి, "మంచి గింజ తల్లీ," అన్నాడు. "ప్రిన్స్ మా అవ్వల అవ్వకి అన్న. మీకేమవుతాడు?"

"మా తాతల తాత. మా ఊళ్లో అడవి కొట్టినవాడు."

ముసలాయన ఆవిడ వంక జాలిగా చూశాడు. "ఆయన ఈ నేల మీద కాలే పెట్టలేదమ్మా. ఓడలో జ్వరం తగిలి పోయాడు. పటాలం ఉన్ని కోటుతోనే సముద్రంలో వదిలారు. మా అవ్వ కళ్లారా చూసింది. మా విందుకొచ్చినా ఆయనకి వేసిన కుర్చీ కింద తడే."

"మా ఇంటికీ వస్తాడు," అంది అత్త. "గేటు దాకా."

"పిలుస్తున్నారు గదా, రాకేం చేస్తాడు? కానీ ఎవరిదో ఇల్లు, ఎలా తింటాడు చెప్పు?"

"మరి డోర్కస్ అవ్వ మొగుడెవరు?"

"ఓడ దిగాక దొర పేర్లు చదివాడంట. ప్రిన్స్ టాలివర్ అన్నాడు. పోయాడని చెప్పేలోగా డోర్కస్ పక్కనున్నవాడు 'ఉన్నా' అన్నాడు. వాడు సైనికుడు కాదు, పటాలం వెనకాల కట్టెలు మోసుకుంటూ వచ్చినవాడు. వాడికి నేలెవరిస్తారు? దళమంతా విన్నది, ఒక్కడూ నోరు మెదపలేదు. మా అవ్వ కూడా. పోనీలే, అన్న నేల ఎవడో ఒకడు దున్నుకోనీ అనుకుంది."

"ఆయన అసలు పేరు?"

"ఎవరికీ చెప్పలేదు తల్లీ. యజమాని మనుషులు వెతుక్కుంటూ వస్తారని భయం."

తిరుగుదారిలో క్లీవన్, "అయితే మనం టాలివర్లం కామా? అద్దం మీద అంత పెద్ద అక్షరాలతో రాయించుకున్నానే!" అన్నాడు. అత్త మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇన్ని తరాలు పస్తు పెట్టాం మన అసలు తాతని," అంది.

ఆ ఏడాది విందుకి క్లీవన్ గొడవపడ్డాడు. "పాత పేరే పిలువమ్మా. ఊళ్లో పరువు పోద్ది."

"నీ పరువు నీ కారుకి పూసుకో," అని అత్త గుమ్మంలోకి నడిచింది.

డోర్కస్ అవ్వని పిలిచింది. దీపం వంగింది. తర్వాత గేటు వైపు తిరిగి, "ప్రిన్స్ టాలివర్, నాయనా, నీ పేరు వాడుకున్నాం, మన్నించు. నీ చెల్లెలి ఇంట్లో నీకు కంచం పెట్టే ఉంది. ఇక్కడ నిలబడకు, వెళ్లు," అంది. తడి ఉన్ని వాసన ఒక్కసారి గుప్పున లేచి పోయింది. కుక్కలు లేచి ఒళ్లు విదిలించుకున్నాయి.

"ఇంకొకరి పేరు పిలిస్తే పలికిన తాతా, ఇప్పుడు నిన్నే పిలుస్తున్నాం. ఉన్నావా?"

మేమంతా గేటు వైపే చూస్తున్నాం. జవాబు అటునుంచి రాలేదు. మా వీపుల వెనక, ఇంటి లోపలి గదిలోంచి, చాలా నెమ్మదిగా ఒక మగగొంతు "ఉన్నా" అంది. ఇంట్లో మగవాడు క్లీవన్ ఒక్కడే. వాడు నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాడు.

ఆ గదిలో వెలుగు లేదు. అత్త ఒక్కతే కంచం తీసుకుని లోపలికి వెళ్లింది. బయటికొచ్చేటప్పుడు కంచం లేదు.

ఆ తర్వాత ఆవిడ మకాం ఆ గదిలోకే మార్చేసింది. అటుగా వెళ్తే గొణుగుడు వినపడేది. "చెప్పు తాతా. నేనెవరికి చెప్తాను?" అని బతిమాలేది, మధ్యలో తిట్టేది కూడా. మధ్యమధ్య ఆగేది, ఎవరో చెప్పేది వింటున్నట్టు. నేను గబగబా అక్కణ్నుంచి వచ్చేసేదాన్ని.

జబ్బుపడ్డాక ఒక పొద్దున నన్ను పిలిపించింది. మొహం తేటగా ఉంది.

"చెప్పాడే," అంది.

"ఏం పేరత్తా?"

"ముందు ఆ కిటికీ ముయ్యి. గట్టిగా అనొద్దన్నాడు. విని వస్తారని ఆయనకింకా భయమే."

మూశాను. అప్పుడు నా చెవిలో చెప్పింది. మర్నాడు పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పిలిచేది నేను. డోర్కస్ అవ్వ పేరు వీధి చివరిదాకా వినపడేట్టు పిలుస్తాను. తర్వాత తలుపులూ కిటికీలూ అన్నీ వేయించి, గొళ్లాలు ఒకసారి చూసుకుని, లోపలి గది వైపు తిరుగుతాను.